పడవ పెట్టెను సరిహద్దుకు సిద్ధం చేసిన అనుభవం

శ్రీకాకుళంలో మాది చిన్న ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపు. కళింగపట్నం, భావనపాడు తీరాల నుంచి వేటకు వెళ్ళే పడవలకు బ్యాటరీ పెట్టెలు చేసి ఇస్తాం. దీపాలు, జీపీఎస్, వైర్‌లెస్ సెట్టు రాత్రంతా వాటి మీదే నడుస్తాయి. లోపల ఉండేవి బజారులో దొరికే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్సే. ఒక్కొక్కటి 3.2 వోల్టులు, నాలుగు వరుసగా కలిపితే 12.8. ఆ పెట్టెనే మంచుకొండల్లోని సైనిక స్థావరాలకు పనికివచ్చేలా మార్చాం. ఇలాంటి పని చేయగల వర్క్‌షాపులు మన ప్రాంతంలో చాలానే ఉన్నాయి. రక్షణ రంగం అనగానే అది పెద్ద కంపెనీల వ్యవహారమని తప్పుకుంటున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

దారి ఐడెక్స్. రక్షణ శాఖ 2018లో మొదలుపెట్టిన పథకం ఇది. త్రివిధ దళాలు తమ అవసరాలను సవాళ్ళుగా ప్రకటిస్తాయి. స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలు, చివరికి వ్యక్తులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి కోటిన్నర రూపాయల దాకా గ్రాంటు వస్తుంది. అయితే మన వాటా కూడా పెట్టాలి. చిన్న ఊళ్ళో ఉన్నవాళ్ళకు అసలు బరువు అదే. దరఖాస్తు నింపడం కంటే బ్యాంకు మేనేజరును ఒప్పించడానికే ఎక్కువ తిరిగాను.

దరఖాస్తుకు ముందే పెట్టెను మా చిన్నాన్న చేతిలో పెట్టాను. ఆయన లద్దాఖ్‌లో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి తన పాత మందపాటి చేతితొడుగులు తీసుకొచ్చి, ఆ ఉక్కపోతలోనే వేసుకుని స్విచ్చు నొక్కబోయారు. బొటనవేలు ఒకేసారి రెండు స్విచ్చుల మీద పడింది. కేబుల్ బిగించే మర అయితే పట్టుకే దొరకలేదు.

"తొడుగు తీసి బిగించవచ్చు కదా చిన్నాన్నా?" అన్నాను.

"అక్కడ తొడుగు తీస్తే వేలు పోతుందిరా" అన్నారు. తర్వాత ఆకుపచ్చ దీపం చూపించి "ఇదెందుకు?" అని అడిగారు. ఛార్జింగ్ నిండిందని తెలియడానికని చెప్పాను. "నీకే కాదు, అవతలి కొండ మీద ఉన్నవాడికీ తెలుస్తుంది."

ఆ రాత్రే త్రీడీ ప్రింటర్ మీద వెడల్పాటి స్విచ్చు తయారుచేసి, పొద్దున్నే మళ్ళీ ఆయన ముందు పెట్టాను. అదీ నచ్చలేదు. సాయంత్రానికి ఇంకొకటి. మర తీసేసి, నెట్టి తిప్పితే చాలు పట్టుకునే కనెక్టరు పెట్టాం. దీపాన్ని మూత కిందికి మార్చాం, బీప్ శబ్దం తీసేశాం. సెల్స్‌ను ముట్టుకోలేదు. బజారు సరుకును సైన్యానికి మలచడంలో సగం పని ఇలా అంచుల్లోనే ఉంటుందని నా నమ్మకం. ఆ అంచులు డ్రాయింగులో కనిపించవు. తయారీ పూర్తికాకముందే వాడేవాడి చేతికి ఇవ్వాలి.

మిగతా సగం చలి. సున్నా డిగ్రీల కింద ఈ సెల్స్‌కు ఛార్జింగ్ పెడితే లిథియం అయాన్లు సెల్‌లోని గ్రాఫైటు పొర లోపలికి చేరకుండా పైనే లోహపు పొరగా పేరుకుంటాయి. సామర్థ్యం తగ్గుతుంది, లోపల షార్టయ్యే ప్రమాదమూ ఉంది. అందుకని సెల్స్ చుట్టూ పలుచని హీటరు రేకు చుట్టాం. ఛార్జర్ తగిలించగానే కరెంటు ముందు హీటరుకే వెళ్తుంది. సెల్స్ వేడెక్కాకే ఛార్జింగ్ మొదలవుతుంది. మరి శ్రీకాకుళంలో చలి ఎక్కడ దొరుకుతుంది? రొయ్యల కోల్డ్ స్టోరేజీలో. మైనస్ 18 డిగ్రీలు. తెలిసిన యజమాని ఒక మూల చోటిచ్చారు, రొయ్యల డబ్బాల పక్కన మా పెట్టెలు రాత్రంతా ఉండేవి. లద్దాఖ్ చలి ఇంతకంటే చాలా తీవ్రం కాబట్టి ఇది తొలి జల్లెడ మాత్రమే. అయినా ఒక ముఖ్యమైన విషయం ఇక్కడే బయటపడింది. బయటికి తీసిన కాసేపటికే మన తేమగాలికి పెట్టె లోపలా బయటా నీటి బొట్లు పట్టాయి. సర్క్యూట్ బోర్డు మొత్తానికీ రక్షణ పూత వేయించాం.

ఇంకొకటి రేడియో గోల. ఛార్జింగ్ సర్క్యూట్ పక్కన మీడియం వేవ్ రేడియో పెడితే ఆకాశవాణి విశాఖ కేంద్రం వార్తల మీద బరబరమని శబ్దం వచ్చేది. పడవలో అది ఎవరూ పట్టించుకోరు. సైనికుడి వైర్‌లెస్ సెట్టు పక్కన అలా కుదరదు. ఫిల్టర్లు, ఆ గోలను అణిచే ఫెర్రైటు పూసలు మార్చి మార్చి, వార్తలు స్పష్టంగా వినిపించేదాకా కూర్చున్నాం. ల్యాబులో కొలిచే ముందు చవకగా చేసుకోదగిన పరీక్ష ఇది.

ఎంపిక కమిటీ ముందు ఫైళ్ళకంటే పెట్టెకే విలువ దక్కింది. ఒక అధికారి దాన్ని తిరగేసి, మూత తీసి, ప్రతి భాగం ఏ దేశంలో తయారైందో, బ్యాటరీని అదుపుచేసే సాఫ్ట్‌వేర్ ఎవరిదో అడిగారు. రెడీమేడ్ బోర్డు వదిలి సొంత బోర్డు, సొంత కోడు రాసుకున్న శ్రమ ఆ ప్రశ్న దగ్గర పనికొచ్చింది. సెల్స్ దిగుమతివేనని దాచకుండా చెప్పాను.

ఒప్పందం కుదిరాక డబ్బు ఒకేసారి రాదు, దశ పూర్తయిన కొద్దీ వస్తుంది. నమూనాను సైనిక ఎలక్ట్రానిక్ పరికరాలకు వర్తించే జేఎస్ఎస్ 55555 ప్రమాణం ప్రకారం ల్యాబులో పరీక్షించాలి: వేడి, చలి, కుదుపులు, ఉప్పు పొగమంచు. ఉప్పు పరీక్ష మాకు కష్టమనిపించలేదు, మా పెట్టె పుట్టిందే సముద్రం మీద. కుదుపుల పరీక్షకు మాత్రం సెల్స్ మధ్య బిగింపు పూర్తిగా మార్చాల్సి వచ్చింది. ఆ అల్యూమినియం చట్రం విశాఖ ఆటోనగర్‌లో కోయించాం.

ఇప్పుడు చలికాలపు క్షేత్ర పరీక్షకు పెట్టెలు సిద్ధమవుతున్నాయి. లిథియం బ్యాటరీలు విమానంలో వెళ్ళాలంటే రవాణాలో అవి సురక్షితమని చూపే యూఎన్ 38.3 పరీక్ష ధ్రువపత్రం ఉండాలి. ఈ దారిలోకి వచ్చేవాళ్ళు దానికి ముందుగానే ల్యాబులో తేదీ తీసుకోండి, చలికాలం మన కోసం ఆగదు.