డెలివరీ బ్యాగు దించి ట్యూషన్ పట్టాను: చెన్నైలో నా గ్రామీణ బ్యాంకు ప్రిపరేషన్

ఫ్రెండ్స్, గ్రామీణ బ్యాంకులో ఆఫీస్ అసిస్టెంట్‌గా ఎంపికయ్యానని తెలిసినప్పటి నుంచి "ఏ పుస్తకాలు చదివావు, ఏ టెస్ట్ సిరీస్ తీసుకున్నావు" అని చాలామంది అడుగుతున్నారు. నా సంగతి చెప్పాలంటే రూము అద్దె దగ్గర మొదలుపెట్టాలి. చేతిఖర్చుల కోసం ఏదో ఒక పని చేసుకుంటూ చదివేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మాది నాయుడుపేట దగ్గర పల్లెటూరు. బీఎస్సీ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ చెన్నై వచ్చాను. ఆరు నెలలు తిరిగాను. ఒకచోట అనుభవం లేదన్నారు, ఇంకోచోట తమిళం రాదన్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు కంపెనీలో పెట్టిస్తామని 15,000 రూపాయలు తీసుకుని, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. అది మా అమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు. తీరడానికి పది నెలలు పట్టింది. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్ళకు దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ట్రిప్లికేన్‌లో ఒక మ్యాన్షన్ గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. చెన్నైలో మ్యాన్షన్ అంటే బ్రహ్మచారుల లాడ్జి. పొద్దున అమ్మ క్యాంటీన్‌లో రూపాయికో ఇడ్లీ, మధ్యాహ్నం 5 రూపాయలకు సాంబారన్నం. ఆ క్యాంటీన్ లేకపోతే నేను ఊరికి తిరిగి వెళ్ళిపోయేవాడినే. అద్దె, ఫోన్ రీఛార్జ్, ఇంటికి పంపాల్సిన వాయిదా కోసం మా మామయ్య పాత స్కూటీ తెచ్చుకుని ఫుడ్ డెలివరీలో చేరాను. సాయంత్రం ఏడు నుంచి అర్ధరాత్రి దాకా. పెట్రోలు పోను రోజుకు 500 దాకా మిగిలేది. పగలంతా ఖాళీ కదా, బాగా చదువుకోవచ్చు అనుకున్నాను.

తప్పు లెక్క అది. రాత్రి ఒంటిగంటకు పడుకుంటే పది గంటలకు గానీ తెలివి వచ్చేది కాదు. పుస్తకం పట్టుకుంటే కళ్ళు మండేవి. మొదటి దశ పరీక్ష ప్రిలిమ్స్‌లో 80 ప్రశ్నలు, 45 నిమిషాలు, రీజనింగ్ 40, లెక్కలు 40. ఒక్కో ప్రశ్నకు 34 సెకన్లు కూడా దొరకవు. తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. అప్పటి ఒక మాక్ టెస్ట్ లెక్క నా నోటుబుక్‌లో ఇంకా ఉంది: 70 ప్రశ్నలు పెట్టాను, 17 తప్పులు, వచ్చింది 48.75. ఆ పదిహేడులో పదకొండు నాకు తెలిసిన లెక్కలే. 6ను 8గా చదవడం, "కాదు" అన్న మాట వదిలేయడం, అలాంటివి. సబ్జెక్టు రాక పోయిన మార్కులు కావవి. నిద్ర లేక పోయిన మార్కులు.

ఆ పేజీ చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. తర్వాతి వారమే డెలివరీ మానేశాను. మైలాపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో ఎనిమిదో తరగతి అమ్మాయికి, ఆరో తరగతి తమ్ముడికి లెక్కలు చెప్పడానికి కుదిరాను. ఆదాయం సగానికి పడిపోయింది. అమ్మకు ఫోన్ చేసి వాయిదా కొంచెం ఆలస్యమవుతుందని చెప్పడానికి రెండు రోజులు ధైర్యం రాలేదు. చెప్పాక అమ్మ ఒకటే అడిగింది: "నిద్రపోతున్నావా నాయనా?"

ట్యూషన్ నాకు కూడా పాఠమైంది. ఒకరోజు ఆ అమ్మాయి "అన్నా, 12.5 శాతం ఎనిమిదో వంతు ఎట్లా అవుతుంది?" అంది. నేను బట్టీ పట్టానే గానీ ఎప్పుడూ ఆలోచించలేదు. కాగితం మీద 100 వేసి సగం చేశాను, 50. మళ్ళీ సగం, 25. మళ్ళీ సగం, 12.5. మూడుసార్లు సగం చేశాం, రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. అమ్మాయి ముఖం వెలిగిపోయింది. నిజానికి నాకూ అప్పుడే అర్థమైంది. ఆ రోజు నుంచి శాతాల పట్టిక బట్టీ పట్టడం మానేసి, ప్రతిదీ ఎందుకో రాసుకున్నాను. సింప్లిఫికేషన్‌లో నా వేగం పెరిగింది అక్కడే.

ట్యూషన్ సాయంత్రం కాబట్టి పగలు కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో గడిపేవాడిని. 2010లో కట్టిన పెద్ద లైబ్రరీ. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకోవడానికి విడిగా హాలు ఉంది. తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్) స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కితే నేరుగా కోట్టూర్‌పురం. తిరిగి వచ్చేటప్పుడు తిరుమయిలైలో, అంటే మైలాపూర్ స్టేషన్‌లో, దిగితే ట్యూషన్.

రెండో దశ పరీక్ష మెయిన్స్ గురించి కొంచెం. 200 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. కంప్యూటర్‌లో 40 ప్రశ్నలకు 20 మార్కులే, జనరల్ అవేర్‌నెస్‌లో 40కి 40. నేను రైల్లో ఎక్కువగా చదివింది అదే. గ్రామీణ బ్యాంకులు 1975 అక్టోబర్ 2న మొదలయ్యాయి. వాటాలు కేంద్రానికి 50, రాష్ట్రానికి 15, స్పాన్సర్ బ్యాంకుకు, అంటే వెనక అండగా ఉండే పెద్ద బ్యాంకుకు, 35 శాతం. 2025 మే 1 నుంచి మన ఆంధ్రలోని నాలుగూ కలిసి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఇలాంటివి నోట్స్‌లో రాసుకోండి. తెలుగు మీడియం వాళ్ళు భయపడకండి, ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ సెక్షన్ లేదు. ఈ పోస్టుకు ఇంటర్వ్యూ కూడా లేదు.

పరీక్షకు ముందు చివరి మాక్‌లో 77 పెట్టాను, 3 తప్పులు, 73.25. మొదటి పేజీ పక్కనే రాసుకున్నాను.

మా గదిలో కావలి తమ్ముడు ఒకడు రైల్వే ఎన్‌టీపీసీ పరీక్షకు చదువుతూ రాత్రిపూట డెలివరీ చేస్తున్నాడు. జాయినింగ్ లెటర్ వచ్చాక వాణ్ణి మైలాపూర్ తీసుకెళ్ళి ఆ ఇంటివాళ్ళకు పరిచయం చేశాను. ట్యూషన్ ఇప్పుడు వాడిది. నిన్న ఫోన్ చేసి, "అన్నా, ఆ పాప వడ్డీ లెక్కల్లో నన్ను ఎందుకు అని నాలుగుసార్లు అడిగింది, రెండింటికి రేపు చెప్తానన్నాను" అన్నాడు.