రష్యా డబ్బులు బ్రస్సెల్స్‌లో ఇరుక్కుపోయిన కథ

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పడింది కదా, అమెరికా, యూరప్, జపాన్ వాళ్ళు యుద్ధానికి దిగలేదు గానీ వారం తిరక్కుండానే రష్యా సెంట్రల్ బ్యాంక్ బయట దాచుకున్న దాదాపు 300 బిలియన్ డాలర్లని ఎక్కడివక్కడ ఆపేశారు. అందులో ఎక్కువ భాగం బ్రస్సెల్స్‌లో యూరోక్లియర్ (షేర్లు, బాండ్లు భద్రపరిచే సంస్థ) దగ్గరే ఉంది, దాని మీద వచ్చే రాబడితో తీర్చేలా 2024లో జీ7 (ఏడు సంపన్న దేశాల గుంపు) ఉక్రెయిన్‌కి 50 బిలియన్ డాలర్ల లోన్ ఒప్పుకుంది. నన్నడిగితే రష్యా మీద పెట్టిన ఆంక్షలన్నిట్లోకీ గట్టి దెబ్బ ఇదే.

స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు చెల్లింపుల సందేశాలు పంపుకునే నెట్‌వర్క్) నుంచి రష్యా బ్యాంకుల్ని తీసేశాం అన్నారు గానీ యూరప్ రష్యాకి గ్యాస్ డబ్బులు కట్టాలిగా, అందుకే ఆ డబ్బులు వెళ్ళే గాజ్‌ప్రోమ్‌బ్యాంక్‌ని మాత్రం అప్పట్లో అందులోంచి తీయలేదు (తెలివి చూడండి!).

ఆయిల్ సంగతి ఇంకా తమాషా. పూర్తిగా ఆపితే ప్రపంచమంతా రేట్లు మండిపోతాయి, అందుకని 2022 డిసెంబర్‌లో బ్యారెల్‌కి 60 డాలర్లు దాటి అమ్మితే మా షిప్పులు, మా ఇన్సూరెన్స్ ఇవ్వం అని రూల్ పెట్టారు, రష్యా ఏమో పాత ట్యాంకర్లు పోగేసి ఎవరివో తెలీని కంపెనీల పేర్లతో తిప్పడం మొదలెట్టింది. ఆ డిస్కౌంట్ ఆయిల్ ఎక్కువగా కొన్నది చైనా, మన ఇండియానే. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో నామమాత్రంగా ఉన్న రష్యా క్రూడ్ 2023కి మూడో వంతు దాకా వచ్చేసింది, మన రిఫైనరీలు దాన్ని డీజిల్ చేసి మళ్ళీ యూరప్‌కే అమ్మాయి, అప్పట్లో అది చట్టబద్ధం కూడా!