ఎనిమిదో మాత్ర దగ్గర నా పాట్లు

సియోల్‌లో మాస్టర్స్ పట్టా చేతికి రావాలంటే మా విభాగంలో ఒక పూర్తి పియానో కచేరీ ఇవ్వాలి. నాది మొన్న గురువారం అయిపోయింది. బాఖ్ సాఫీగా వెళ్లిపోయాడు. షోపాన్‌లో రెండు చోట్ల వేళ్లు తప్పాయి. పరీక్షకులు గమనించలేదు, లేదా గమనించి ఊరుకున్నారు. కొరియా స్వరకర్త ఇసాంగ్ యూన్ 1958లో రాసిన అయిదు చిన్న పియానో రచనలకు నాలుగు నెలలు పట్టింది గానీ వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. కష్టమంతా కాగితం మీదే కనిపిస్తుంది. నన్ను ఏడిపించింది చివరి అయిదు నిమిషాలు: జిందో అరిరాంగ్.

అరిరాంగ్ కొరియా జానపదం, కానీ ఒక్క పాట కాదు. యునెస్కో లెక్కలో దాదాపు 60 రకాలు, వాటికి 3,600 దాకా పాఠాంతరాలు. జిందో కొరియాకు నైరుతి మూలన ఉన్న ద్వీపం. అక్కడి పాటను పియానోకు నేనే అమర్చుకున్నాను, పక్కన జాంగు అనే రెండు ముఖాల మద్దెల. ఆ దక్షిణాది బాణీలో మూడు స్వరాలు ముఖ్యం. కిందిదాన్ని వణికించాలి, నడిమిదాన్ని నిలపాలి, పైదాన్ని విరిచి కిందికి దించాలి. వీణ అయితే మెట్టు మీద తీగను లాగి సాధించవచ్చు. పియానోలో మెట్టు నొక్కామా, స్వరం చేయి దాటినట్టే. విరిచే స్వరానికి ముందొక చిన్న స్వరం తగిలించి సర్దుకున్నాను. వణికించేదానికి పక్క స్వరంతో కలిపి గబగబా వాయిస్తే టెలిఫోను మోగినట్టుంది. తీసేశాను.

సరే, స్వరాల సంగతి తెలిసిన కష్టమే. తాళం దగ్గర నాకు భయమే లేదు, ఎందుకంటే ఏడేళ్లప్పటి నుంచి తెనాలిలో అమ్మ దగ్గర వీణ నేర్చుకున్నదాన్ని. అక్కడే దెబ్బ తిన్నాను.

జాంగు మాస్టారికి డెబ్బయ్యేళ్లు ఉంటాయి. నేలమాళిగలో ఆయన సాధన గది, కింద వెచ్చటి నేల. మఠం వేసుకుని కూర్చున్నాను. సెమాచి తాళం చెప్పారు: మూడు దెబ్బలు, ఒక్కో దెబ్బకు మూడు మాత్రలు, అంటే తాళంలో చిన్న లెక్కలు, మొత్తం తొమ్మిది. ‘ఓస్, మన రూపక తాళానికి తిశ్రగతి, మూడేసి మాత్రల నడక!’ అని మనసులో అనుకుని ఊరుకుంటే పోయేది. మా దేశంలో ఇంతకన్నా చిక్కు తాళాలున్నాయని, అవి నాకు చిన్నప్పుడే వచ్చని పైకి చెప్పాను. ఆయన తల ఊపి, “అయితే నోటితో చెప్పు” అన్నారు.

నోటితో చెప్పడమంటే మద్దెల దెబ్బలను పలుకులుగా పలకడం, మన సొల్లుకట్టు లాంటిదే. దంగ్. దంగ్, దక్. కుంగ్, దక్. దంగ్ అంటే రెండు చేతులూ, కుంగ్ అంటే ఎడమ తోలు, దక్ అంటే కుడివైపు సన్నటి వెదురు పుల్ల. రెండో దెబ్బలో దక్ ఆరో మాత్ర మీద పడుతుంది, అంటే చివర్న. మూడో దెబ్బలో మాత్రం తొందరపడి ఎనిమిది మీదే పడిపోతుంది, తొమ్మిది ఖాళీ. నా నోరు ప్రతిసారీ దాన్ని తొమ్మిది మీదికి మోసుకెళ్లేది. పియానో ముందు కూర్చుంటే ఇంకా అధ్వానం, ఎడమ చేయి ఒకటి చెబితే కుడి చేయి మరొకటి.

ఇలా మూడు వారాలు. ఒక రోజు నా తర్వాత పాఠానికి వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లవాడు గోడకు ఆనుకుని కింబాప్, అంటే సముద్రపు నాచులో చుట్టిన అన్నం, తింటున్నాడు. నేను పన్నెండోసారి తప్పాను. వాడు నోట్లో ముద్ద పెట్టుకునే తాళం మొత్తం చెప్పేసి మళ్లీ నమలడం మొదలుపెట్టాడు. మాస్టారు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. పుల్లతో నా వేళ్లు చూపించి, “అవి లెక్కపెడుతున్నాయి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నావు?” అని అడిగారు. తొడ మీద నా వేళ్లు నిజంగానే కదులుతున్నాయి, అమ్మ నేర్పిన లెక్క ప్రకారం.

ఆ తర్వాత ఆయన చేతులు చూడటం మానేసి భుజం చూశాను. తొమ్మిదో మాత్రకు ఆ భుజం కొద్దిగా పైకి లేస్తోంది. ఖాళీ అనుకున్న చోట ఆయన ఊపిరి పీలుస్తున్నారు, మొదటి దంగ్ ఆ ఊపిరి బరువుతో దిగుతోంది. ఎనిమిదికే దక్ అనేయకపోతే పీల్చడానికి వ్యవధి ఎక్కడ? తిట్టకుండా ముందే ఈ ముక్క చెప్పవచ్చు కదా అని ఇప్పటికీ నా మనసులో ఉంది.

ఎవరైనా ఇలాంటి కచేరీ పెట్టుకుంటే నా మాట వినండి: మద్దెల వాయించేవారి భుజం కనిపించేలా కూర్చోండి. నాకు జాంగు వాయించే మాస్టారిని హాలు సిబ్బంది చూడటానికి బాగుంటుందని నా వెనక కూర్చోబెట్టబోయారు. పోట్లాడి ఎదురుగా తెచ్చుకున్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

వాయిస్తుంటే మూడో ఆవృత్తిలో ఆయన గట్టిగా “ఒల్సిగూ!” అన్నారు. మన కచేరీల్లో భళా అన్నట్టు. అప్పటిదాకా దగ్గు కూడా వినిపించని హాలు అది. ముందు వరుసలో ముగ్గురు పరీక్షకుల కలాలూ ఒక్కసారిగా ఆగాయి. నాకు నవ్వొచ్చింది, తాళం మాత్రం తప్పలేదు.

ఇక విభాగం కార్యాలయం. కార్యక్రమ పత్రం ముద్రణకు వాళ్లిచ్చిన దరఖాస్తులో ప్రతి రచనకూ కర్త పేరు, జనన మరణ సంవత్సరాలు తప్పనిసరి. జానపదానికి కర్త ఎవరని రాయను? ఖాళీ వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదు. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ “గడి నింపండి” అన్నారు. విసుగొచ్చి అమర్చినది నేనని నా పేరు రాశాను. అచ్చులో బాఖ్ 1685–1750, షోపాన్ 1810–1849, యూన్ 1917–1995, కింద నేను, 1998 పక్కన ఒక గీత.

ఫొటో పంపగానే అమ్మ ఫోను చేసింది. “జానపదం అన్నావు కదే, మరి నీ పేరు వేశారేమిటి? పైగా ఆ గీత పక్కన ఖాళీ ఎందుకు వదిలారు? అపశకునం. వెళ్లి తీయించు.”