రాగి గ్రిడ్ మీద రాగిని కొలిచాను

మైక్రోస్కోప్ గదిలోంచి ఇప్పుడే బయటపడ్డాను. మెస్ మూసేశారు. ఇవాళ రాయకపోతే రేపు సిగ్గేసి రాయను.

బెంగళూరులో పీహెచ్‌డీ, మూడో ఏడు. వైబీసీఓ (ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్) అనే సూపర్ కండక్టర్‌లో రాగి బదులు కాస్త ఇనుము కలిపి, లోపల ఏం మారిందో చూడటం నా పని. ఇనుము కలపనిది 92 కెల్విన్ దగ్గరే కరెంటుకు నిరోధం పోగొట్టుకుంటుంది, చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ చాలు. పొడులు నూరడం, కొలిమిలో కాల్చడం, ఆక్సిజన్‌లో మెల్లగా చల్లార్చడం అన్నీ సాఫీగా అయ్యాయి. తడి తగిలితే పాడవుతుందని మా ల్యాబ్ అక్క ముందే చెప్పింది, ఆల్కహాల్‌లోనే కలిపాను.

టీఈఎం (నమూనా గుండా ఎలక్ట్రాన్లు పంపి చూసే మైక్రోస్కోప్) స్లాట్‌కి నెలన్నర ఆగాను. ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు వచ్చే ఎక్స్‌రేలను బట్టి కొలిస్తే రేణువుల్లో రాగి లెక్కకు మించి కనపడింది, పలచటి అంచుల్లో మరీ ఎక్కువ. ఇనుము రాగిని అంచులకు నెట్టేస్తోందని సిద్ధాంతం కట్టేశాను. అమ్మకి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

గ్రూప్ మీటింగులో ఇదంతా చూపించాను. ఎప్పుడూ రాని ఆపరేటర్ అన్న ఆ రోజే వచ్చాడు. హిందూపురం ఆయన.

"ఏ గ్రిడ్ వాడినావు నాయనా?"

"మామూలుదే అన్నా, కాపర్."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గ్రిడ్ అంటే నమూనా మోసే 3 మిల్లీమీటర్ల జాలీ, ఆ జాలీయే రాగి. చెదిరిన ఎలక్ట్రాన్లు దానికీ తగులుతాయి, దాని ఎక్స్‌రేలూ డిటెక్టర్‌లో పడతాయి. అంచు పలచనైతే నమూనా సిగ్నల్ తగ్గుతుంది, జాలీదే మిగులుతుంది. పాలల్లో నీళ్లెంతో తేల్చడానికి తడి చెంబు పట్టుకెళ్లినట్టు. సార్ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నికెల్ గ్రిడ్ వాడమంటారు, వద్దు. అది అయస్కాంతానికి లొంగే లోహం, మైక్రోస్కోప్‌లో కనపడే బొమ్మతో చికాకు. బంగారందే మేలు. కానీ ఫైల్లో బంగారం అని రాస్తే కొనుగోళ్ల ఆఫీసులో "పెళ్లెప్పుడు?" అని అడిగి మూడు వారాలు తొక్కిపెట్టారు. ఊదితే ఎగిరిపోయే జాలీకి మూడు సంతకాలు! ఇంకోటి, నమూనా లేని ఖాళీ చోట కూడా ఒక ఎక్స్‌రే స్పెక్ట్రం తీసుకోండి. మైక్రోస్కోప్ భాగాల నుంచీ రాగి వస్తుంది.

ఇవాళ బంగారు గ్రిడ్ మీద రాగి లెక్కకు దిగింది, నా సిద్ధాంతం పోయింది. ఇనుము లేనిదాంట్లో ట్విన్లు (అద్దంలో ప్రతిబింబాల్లా పక్కపక్కనే ఉండే స్ఫటిక పట్టీలు) దున్నిన చాళ్లలా బారుగా ఉన్నాయి. ఇనుము పెరిగేకొద్దీ సన్నబడి, చివరికి చాప అల్లికలా అడ్డదిడ్డమయ్యాయి. 1980ల చివర్లోనే తెలిసిన సంగతే. అయినా అరగంట కళ్లు తిప్పలేదు.

మిగిలిన రాగి గ్రిడ్లు జూనియర్‌కి ఇచ్చేశాను. వాడిది టైటానియం డయాక్సైడ్, గొడవ లేదు.