పక్కపక్కనే ఇద్దరు ఆదాములు

మా అమ్మాయికి బొమ్మలు వేయడమంటే ప్రాణం. నచ్చిన బొమ్మ ఎదురుగా పెట్టుకుని అచ్చం అలాగే వేయాలని చూస్తుంది. ఒకసారి ఎవరో "చూసి వేసిందేగా, ఇందులో గొప్పేముంది" అన్నారు. ఆ మాట దాని మనసులోంచి పోలేదు. అందుకే స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఉన్న రెండు రోజుల్లో ఒక పూటంతా ప్రాడో మ్యూజియానికే పెట్టుకున్నాను. సాయంత్రం ఆరు దాటాక టికెట్‌కి డబ్బులు అక్కర్లేదు కానీ జనం ఎక్కువ. మేం పొద్దున్నే టికెట్ కొనుక్కుని వెళ్లాం.

రెండు పెద్ద బొమ్మలు పక్కపక్కనే ఉన్నాయి. రెండింట్లోనూ బైబిల్ కథలోని తొలి దంపతులు ఆదాము, అవ్వ. అదే చెట్టు, పసివాడి మొహంతో అదే పాము, దేవుడు తినొద్దన్న పండు కోసం అవ్వ చాచిన అదే చెయ్యి. మొదటిది 1550 ప్రాంతంలో వెనిస్ చిత్రకారుడు టిషియన్ వేసింది. రెండోది 1628-29లో ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం ప్రాంతం) చిత్రకారుడు రూబెన్స్ దాన్ని చూసి వేసింది.

అప్పటికి రూబెన్స్‌కి యాభై దాటాయి. యూరప్ అంతా పేరున్నవాడు. రాయబార పని మీద మాడ్రిడ్ వచ్చి, స్పెయిన్ రాజుగారి దగ్గరున్న టిషియన్ బొమ్మలు ఒక్కొక్కటే ముందు పెట్టుకుని నకలు వేశాడు. టిషియన్ పోయింది 1576లో, రూబెన్స్ పుట్టింది ఆ మరుసటి ఏడాది. ఒకరినొకరు చూసుకునే వీలే లేదు. బొమ్మ ముందు కూర్చోవడం తప్ప ఆ గురువు దగ్గర నేర్చుకునే దారి ఇంకోటి లేదు.

"నాన్నా, ఇందులో చిలకుంది!" అంది అమ్మాయి. నిజమే. రూబెన్స్ బొమ్మలో ఆదాము వెనక కొమ్మ మీద ఎర్రటి చిలక. టిషియన్‌లో లేదు. ఆ తర్వాత మిగతా తేడాలూ అదే పట్టింది. టిషియన్ ఆదాము వెనక్కి వాలాడు. రూబెన్స్ ఆదాము ముందుకు వంగి, కండలు బిగించి అవ్వను ఆపబోతున్నాడు. అదే కథ, కానీ ఇక్కడ టెన్షన్ ఎక్కువ.

అక్కడి నుంచి వెలాస్కెజ్ బొమ్మల దగ్గరికి వెళ్లాం. రూబెన్స్ వచ్చినప్పుడు ఇతను అదే ఆస్థానంలో ఉన్న కుర్ర చిత్రకారుడు. చాలా ఏళ్ల తర్వాత వేసిన 'నూలు వడికే స్త్రీలు' బొమ్మలో ముందు రాట్నం తిరుగుతోంది. దాని చక్రానికి చువ్వలు గీయలేదు, తిరిగే వెలుగు మాత్రమే ఉంది. నేను దాని ముందే చాలాసేపు నిలబడిపోయాను. వెనక గదిలో వేలాడే తెర మీద ఎద్దు గ్రీకు పురాణాల్లోని రాకుమారి యూరోపాను ఎత్తుకుపోతోంది. అది టిషియన్ వేసిన బొమ్మకు నకలే. అసలుది ఇప్పుడు బోస్టన్‌లో ఉంది. రూబెన్స్ వేసిన నకలు మాత్రం ఈ ప్రాడోలోనే ఉంది.

లోపల ఫొటోలు తీయనివ్వరు. బయటికి రాగానే అమ్మాయి చెట్ల కింద బెంచీ మీద కూర్చుని పుస్తకం తీసింది. ముందు చిలకను గీసింది.