కాటా తెరిస్తే నెట్ పోతోంది

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో సిస్టమ్‌లు బాగుచేయడమంటే సగం పని దుమ్ముతోనే. సీపీయూ మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మీద రాతిపొడి పొరలు కట్టి ఉంటుంది. అక్కడినుంచి ‘నెట్ రావట్లేదు’ అని ఫోన్ వస్తే బ్రష్షూ, కార్డుల కాళ్లు రుద్దడానికి పెన్సిల్ రబ్బరూ సంచిలో వేసుకుని ఒంగోల్లో బయల్దేరతాను. మొన్న మాత్రం లారీలు తూచే కాటా గదిలో కుర్రాడు చెప్పిన మాట వినగానే ఇది రబ్బరుతో పోయే జబ్బు కాదనిపించింది.

“అన్నా, కాటా సాఫ్ట్‌వేర్ తెరిస్తే నెట్ పోతా ఉంది. మూసేస్తే మళ్లీ వస్తా ఉంది.”

ఇంత చక్కగా చెప్పేవాళ్లు అరుదు. మామూలుగా ‘ఏందో అన్నా, పొద్దున్నించీ ఒకటే స్లో’ అంటారు, అక్కడినుంచి మనమే తవ్వుకోవాలి.

ఆ సిస్టమ్‌కి రెండు పనులు. లారీ ప్లాట్‌ఫాం ఎక్కగానే అంకెలు చూపించే ఇండికేటర్ నుంచి సీరియల్ వైరు మీద బరువు అందుకోవాలి. ఆ బరువుతో నెట్‌లో ఈ-వే బిల్లు వేయాలి. రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేలు దాటితే 2018 ఏప్రిల్ నుంచి ఆ బిల్లు లేకుండా బండి కదలకూడదు. పాపం ఆ కుర్రాడు బరువు చూసి, కాగితం మీద రాసుకుని, సాఫ్ట్‌వేర్ మూసి, నెట్ వచ్చేదాకా ఆగి, బిల్లు వేసి, మళ్లీ సాఫ్ట్‌వేర్ తెరుస్తున్నాడు. బయట డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. నెట్ కంపెనీ మనిషి అప్పటికే వచ్చి, బాక్సులో లైట్లన్నీ పచ్చగా ఉన్నాయని చూపించి వెళ్లిపోయాడట. అతను చెప్పింది నిజమే.

నేను అడిగింది ఒకటే: ఈ గొడవ మొదలయ్యే ముందు సిస్టమ్‌లో కొత్తగా ఏం పెట్టారు? వానల్లో పిడుగు పడి మదర్‌బోర్డు మీదున్న కామ్ పోర్టు (సీరియల్ వైరు గుచ్చే చోటు) పోయిందని, ఎవరినో పిలిచి పీసీఐ స్లాటులో సీరియల్ కార్డు వేయించామని చెప్పారు. బరువు వస్తోంది కదా, కార్డు బాగానే ఉందనుకున్నారు. కార్డుకీ నెట్‌కీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో రౌటర్‌కే పింగ్ (‘ఉన్నావా’ అని అడుగుతూ ఉండే పలకరింపు) పెట్టి వదిలేశాను: పింగ్ -టి, తర్వాత 192.168.1.1. బయటి వెబ్‌సైట్లకి పెడితే లోపం మనదో కంపెనీదో తేలదు. పక్క టేబుల్ మీదున్న రౌటర్ కూడా పలకట్లేదంటే తప్పు మన గదిలోనే ఉన్నట్టు. జవాబులు వరసగా వస్తున్నాయి. కుర్రాణ్ణి సాఫ్ట్‌వేర్ తెరవమన్నాను. రెండు జవాబులు వచ్చి, ఆ తర్వాత ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’. మూయమన్నాను. కాసేపటికి జవాబులు మొదలు.

డివైస్ మేనేజర్‌లో లోపం చూపించే పసుపు గుర్తు ఎక్కడా లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వ్యూ మెనూలో ‘రిసోర్సెస్ బై కనెక్షన్’ ఎంచుకుని, ఇంటరప్ట్ రిక్వెస్ట్ (‘నాకు పనుంది’ అని కార్డు ప్రాసెసర్‌ని పిలిచే పిలుపు) కొమ్మ విప్పితే అసలు సంగతి బయటపడింది: నెట్ వైరు వచ్చే ల్యాన్ కార్డు, కొత్త సీరియల్ కార్డు రెండూ 17వ నంబరు మీదే ఉన్నాయి.

నంబరు పంచుకోవడం తప్పేమీ కాదు. పీసీఐని తయారుచేసిందే అలా. ఒక స్లాటుకి ఇంటరప్ట్ తీగలు నాలుగే, వాటినే అన్ని కార్డులూ వాడుకోవాలి. ఒకే కాలింగ్ బెల్ ఉన్న ఇంట్లో రెండు వాటాల వాళ్లు కాపురముంటున్నారనుకోండి. బెల్ మోగితే ముందు వాటావాళ్లు తలుపు తీసి, తమ కోసం కాకపోతే లోపలి వాళ్లని పిలవాలి. ఈ సీరియల్ కార్డు డ్రైవరు (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) మాత్రం ఎవరొచ్చినా ‘మాకే’ అని తలుపేసే రకం. ల్యాన్ కార్డుకి ప్యాకెట్ వచ్చిందన్న కబురు ల్యాన్ డ్రైవరుదాకా చేరట్లేదు. కాటా సాఫ్ట్‌వేర్ పోర్టు తెరిచినప్పుడే ఆ డ్రైవరు పనిలోకి దిగుతుంది కాబట్టి, అప్పుడే నెట్ పోతోంది.

కొత్త మెషీన్లలో ఈ బాధ దాదాపు లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు తీగ లాగకుండా మెసేజ్ రూపంలో ఇంటరప్ట్ పంపుతాయి, ఎవరిది వారికే. కానీ కాటా గదుల్లో కొత్త మెషీన్ ఎక్కడుంటుంది? ఆఫీసులో పాతబడింది అక్కడికే చేరుతుంది. నేను ఈ పని నేర్చుకునే రోజుల్లో ఇది ఇంకా ఘోరం. పీసీఐకి ముందు రకమైన ఐఎస్ఏ కార్డులకి పంచుకోవడమనేదే లేదు. 0 నుంచి 15 దాకా నంబర్లు, అందులో సగం పైన ముందే బుక్కయి ఉండేవి. టైమర్‌కి 0, కీబోర్డుకి 1, కామ్ వన్‌కి 4, ఫ్లాపీకి 6. అప్పటి ఎన్ఈ2000 రకం నెట్‌వర్క్ కార్డులు చాలావరకు 3 మీద సెట్ చేసి వచ్చేవి, అది కామ్ టూ నంబరు. మాకు పని నేర్పిన సారు ఆ పట్టికని ఎక్కాల్లా అప్పజెప్పించేవారు. విసుగొచ్చేది కానీ, ఇప్పటికీ అన్నం పెడుతోంది.

సీరియల్ కార్డుని పక్క స్లాటులోకి మార్చాను. స్లాటు మారితే తీగల వరస మారుతుంది. ఈసారి చూస్తే 19. పింగ్ నడుస్తుండగానే సాఫ్ట్‌వేర్ తెరిచాం, బండి ఎక్కింది, బరువు వచ్చింది, పింగ్ ఆగలేదు. అలా కుదరకపోతే, నంబర్లు ఖాళీ అవడానికి బయాస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) ఎవరూ వాడని సౌండూ ప్రింటర్ పోర్టూ ఆపేసి చూసేవాణ్ణి.

‘యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ పెడితే పోయేది కదా’ అనేవాళ్లు ఉంటారు. పెట్టొచ్చు. కానీ దాన్ని ఈ పోర్టులోంచి తీసి ఆ పోర్టులో గుచ్చితే కామ్ 3 కాస్తా కామ్ 7 అవుతుంది. పాత కాటా సాఫ్ట్‌వేర్లు చాలా వాటికి నాలుగు దాటితే తెలియదు. పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకెళ్లి నంబరు మార్చడం కాటా కుర్రాడికి నేర్పగలిగితేనే ఆ దారి.

అన్ని గొడవలూ డివైస్ మేనేజర్‌లో కనపడవు. ఒంగోలు లాయర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నుల గడువు 20వ తేదీ దగ్గరపడిన టెన్షన్‌లో సాయంత్రంపూట నెట్ చచ్చిపోయేది. సాయంత్రమే ఎందుకంటే, రోజూ టాలీ డేటా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేసేది అప్పుడే. చిన్న వైఫై డాంగిల్, ఆ డిస్కు వైరు వెనకాల నీలం రంగు పోర్టుల్లో ఆనుకుని ఉన్నాయి. నన్ను అటు నడిపించింది మౌసు. “నెట్‌తో పాటు మౌసు కూడా మొరాయిస్తోందండీ” అన్నారు అక్కడి అక్కౌంటెంట్ గారు. ఆ డాంగిల్‌లాగే వైర్‌లెస్ మౌసు కూడా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మీదే నడుస్తుంది. యూఎస్‌బీ 3.0లో డేటా పారుతున్నప్పుడు కనెక్టరు నుంచి, వైరు నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా ఆ 2.4 ప్రాంతంలో పడుతుంది. ఇంటెల్ వాళ్లే 2012లో దీనిమీద కొలతలతో ఒక పత్రం వేశారు. డాంగిల్‌ని మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో బల్ల మీదకి తెచ్చి, మౌసు రిసీవరు ముందువైపు పోర్టుకి మార్చాను. కాపీ నడుస్తుండగానే పోర్టల్ తెరుచుకుంది. ఆమె మాత్రం “ఇంతేనా?” అన్నట్టు చూశారు, బిల్లెంత వేస్తానోనని కాబోలు.

ఇక లినక్స్ వాడే కుర్రాళ్లకి ఒక మాట. గ్రాఫిక్స్ కార్డో, ఎన్‌వీఎమ్ఈ డిస్కో కొత్తగా వేసిన రోజే వైర్డ్ నెట్ పోతే కార్డుని తిట్టకండి. కొత్తది చేరినప్పుడు ఒక్కోసారి పీసీఐ బస్సుల నంబర్లు జరుగుతాయి. ఆ నంబర్లతోనే నెట్‌వర్క్ కార్డుకి పేరు పడుతుంది కాబట్టి, నిన్న ఈఎన్‌పీ3ఎస్0 అన్న పేరు ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 అవుతుంది. సెట్టింగు ఫైలు ఇంకా పాత పేరు పట్టుకునే కూర్చుంటుంది. ఐపీ లింక్ అని కొట్టి పేరు చూసుకోండి. నెట్ సెట్టింగులకి నెట్‌ప్లాన్ వాడుతుంటే ఫైలులో మ్యాచ్ కింద మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) రాసేయండి. ఆ తర్వాత కార్డులు ఎన్ని మార్చినా ఆ ఫైలు జోలికి వెళ్లక్కర్లేదు, మదర్‌బోర్డే మారిస్తే తప్ప.