పప్పు కట్టు నుంచి బొమికల రసం దాకా: ఈ చలికాలం వంటింటి స్టాక్‌లు

నవంబరు

చలి మొదలయ్యాక పొయ్యి దగ్గర నిలబడడం హాయిగా ఉంటుంది. అందుకే ఈ సీజన్‌కి ఒకటే పని పెట్టుకున్నాను. చారుకీ, పులుసుకీ, పులావుకీ వాడే స్టాక్‌లు, అంటే పప్పు, బొమికలు, కూరగాయల్లాంటివి మరిగించి వడకట్టిన నీళ్లు, అన్నీ ఇంట్లోనే చేసి, దేనికి ఎంత సెగ, ఎంతసేపు, ఎన్నాళ్లు నిల్వ అన్నది రాసిపెట్టుకోవాలి. కొనే సూప్ క్యూబ్‌లలో ముందుగా నాలుకకి తగిలేది ఉప్పే. ఇంట్లో మరిగించిన దానిలో ఉప్పు మన చేతిలో ఉంటుంది.

మొదలు పప్పు కట్టుతో. గ్లాసు కందిపప్పుకి నాలుగైదు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె. పప్పు మెత్తబడ్డాక మెదపకూడదు. పావుగంట కదపకుండా ఉంచితే పప్పు అడుక్కి దిగి, పైన పలచటి పసుపు నీళ్లు తేరతాయి. "తేరనీ, అప్పుడే గరిటె పెట్టకు" అని అత్తయ్య పక్కనే నిలబడి చెప్పింది. గరిటె కాస్త వంచి పైపైన ముంచుకోవాలి. మెదిపిన పప్పులో నీళ్లు పోస్తే అది పప్పుచారు అవుతుంది. దాని రుచి దానిదే గానీ కట్టు చారుకున్న తేలిక రాదు. రెండు గ్లాసుల కట్టుకి ఉసిరికాయంత చింతపండు, ఒక టొమాటో, దంచిన మిరియాలు, జీలకర్ర. నురగ గిన్నె అంచు దాకా పొంగగానే దించెయ్యాలి. ఇంకా మరిగితే మిరియం, జీలకర్రల వాసన ఆవిరైపోతుంది. ఇంగువ పోపు చివర్లోనే. అడుగున మిగిలిన పప్పు ఆకుకూరలోకి వెళ్తుంది.

బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు కూడా ఇప్పుడు పారబోయడం లేదు. ఆనపకాయ పులుసులో అవి పోస్తే చిక్కదనం కోసం విడిగా పిండి కలపక్కర్లేదు. ఏ పూట నీళ్లు ఆ పూటే వాడాలి, లేకపోతే పులుస్తాయి.

డిసెంబరు

నెలంతా ఉలవలే. పావుకిలో ఉలవలని పళ్లెంలో పోసి రాళ్లూ మట్టిబెడ్డలూ ఏరడానికి ఓపిక కావాలి. బెడ్డలు రంగులో ఉలవల్లాగే ఉంటాయి కాబట్టి పగటి వెలుతురులోనే ఏరండి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి రాత్రంతా నానబెట్టి, ఆ నానిన నీళ్లతోనే ఉడికిస్తాను. మొత్తం రెండు లీటర్ల నీళ్లు పడతాయి. అన్నీ ఒకేసారి పట్టేంత కుక్కర్ కాకపోతే సగం నీళ్లతో ఉడికించి, వడకట్టాక మిగతా సగంతో అవే ఉలవలని మళ్లీ ఓ పావుగంట మరిగించి ఆ నీళ్లు కూడా కలుపుకోవాలి. ఒక విజిల్ వచ్చాక సెగ బాగా తగ్గించి గంటసేపు. మూత తీసేసరికి నీళ్లు ఎర్రమట్టి రంగు దాటి గోధుమ రంగులోకి దిగుతాయి, గింజ వేళ్ల మధ్య నలిగిపోతుంది.

ఇదివరకు పల్లెల్లో ఉలవలు ఉడకబెట్టేది ఎడ్ల కోసం. గింజలు ఎడ్లకి, కట్టు మనుషులకి. ఇప్పుడు ఇంట్లో ఎడ్లు లేవు కాబట్టి గింజల్ని పోపు పెట్టి, కొబ్బరి చల్లి గుగ్గిళ్లు చేస్తున్నాం. ఒక గుప్పెడు మాత్రం మెత్తగా రుబ్బి కట్టులో కలుపుతాను, చిక్కదనం అక్కడే వస్తుంది.

ఉలవచారుకి మందపాటి గిన్నె తప్పనిసరి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక కట్టు, చింతపండు రసం పోసి, సన్న సెగ మీద కనీసం గంట. చివరి పదిహేను నిమిషాలు పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు, అడుగంటేది అప్పుడే. గరిటె వెనక వేలితో గీస్తే గీత అలాగే నిలవాలి. ఉప్పు దించే ముందు వెయ్యాలి. మొదట్లో సరిపడా వేసిన ఉప్పు, నీళ్లు సగానికి ఇగిరాక కషాయంలా తగులుతుంది. ఈ మాట అన్ని స్టాక్‌లకీ వర్తిస్తుంది. వేడన్నంలో ఉలవచారు, పైన ఓ చెంచా మీగడ ఉంటే నాకు ఇంకే కూరా అక్కర్లేదు.

సంక్రాంతి

బొబ్బట్లకి శనగపప్పు ఉడికించిన నీళ్లు పక్కన పెట్టాం. అందులో చింతపండు, కాస్త కారం, ఒక చెంచా పూర్ణం వేసి చారు కాచాం. పండగ పూట తీపి ఎక్కువైన నోటికి అది బాగా హితవుగా ఉంది.

జనవరి చివర

కోడి బొమికలు. మెడ, వీపు, రెక్కల కొనలు, దొరికితే కాళ్లు. కాళ్లు వేస్తే రసం ఫ్రిజ్‌లో జెల్లీలా గడ్డకడుతుంది. తోలు, కీళ్లలోని కొల్లాజెన్ మెల్లగా కరిగి జెలటిన్ అవడం వల్లే అది. ముందు ఒకసారి ఐదు నిమిషాలు మరిగించి ఆ నీళ్లు పారబోసి, బొమికలు కడిగి, మళ్లీ చన్నీళ్లతో మొదలుపెట్టాలి. తెట్టు తేలినప్పుడల్లా తీసెయ్యాలి. తర్వాత అక్కడక్కడా ఒక బుడగ వచ్చేంత సెగ చాలు. తెగ మరిగితే కొవ్వు నీళ్లలో కలిసిపోయి రసం తెల్లగా మసకబారుతుంది. కోడికి మూడు గంటలు, మేక నల్లి బొమికలకి ఐదారు గంటలు. గ్యాస్ ఖర్చు చూసుకుంటే కుక్కరే నయం, కోడికి ముప్పావుగంట, మేకకి గంటన్నర. రసం అంత తేటగా రాకపోయినా బగారా అన్నానికి నిశ్చింతగా పనికొస్తుంది.

నిల్వ సంగతి జాగ్రత్తగా చదవండి. పెద్ద గిన్నెడు వేడి రసం తనంతట తాను చల్లారడానికి చాలాసేపు పడుతుంది, ఆలోపే పాడవడం మొదలవుతుంది. గిన్నెని చన్నీళ్ల టబ్‌లో పెట్టి కలుపుతూ, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలి. గది వేడి 32 డిగ్రీలు దాటే ఎండాకాలంలో అయితే గంటే గడువు. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు. గడ్డకడితే రసం ఉబ్బుతుంది కాబట్టి డబ్బాలో పైన అంగుళం ఖాళీ వదలండి. గాజు సీసాలు వద్దు, పగులుతాయి. నేను కొంత ఐస్ ట్రేలో పోస్తున్నాను, కూరలోకి రెండు ముక్కలు చాలు. మూత మీద టేపు అంటించి తేదీ రాయండి. గడ్డకట్టాక కోడి రసానికీ మేక రసానికీ తేడా తెలియదు.

ఫిబ్రవరి

కూరగాయల స్టాక్ తేలికైన పని, నలభై నిమిషాల్లో అయిపోతుంది. కొత్తిమీర కాడలు, పుట్టగొడుగుల కాడలు, క్యారెట్ చివర్లు, గింజలు ఒలిచాక మిగిలే మొక్కజొన్న బెండ్లు. బెండ్లతో వచ్చే తీపి నాకు చాలా నచ్చింది. క్యాబేజీ, కాలీఫ్లవర్ వేస్తే వాసన వస్తుంది. కాకర వేస్తే చేదు.

ఈ వారం రొయ్యల తలలు, పెంకులు. చెంచా నూనెలో ఎర్రబడేదాకా వేయించి, నీళ్లు పోసి ఇరవై నిమిషాలకి దించి, తలల్ని గరిటెతో నొక్కుతూ వడకట్టాను. ఆ నీళ్లతో గోంగూర రొయ్యలు వండితే మా ఇంట్లో మళ్లీ ఎప్పుడంటున్నారు. తర్వాత చేప. పండుగప్ప తల కావాలని మార్కెట్‌లో చెప్పి ఉంచాను. కానాగంతలు, కవళ్లు లాంటి నూనె చేపలు స్టాక్‌కి వద్దు, నీచువాసన ఎక్కువ. చేప బొమికలకి అరగంట దాటనివ్వను, ఆ పైన చేదు దిగుతుంది.